మింబరు మీద ఎవరి పేరు? రాయచూరు అంతర్వేదిలో ఆదిల్‌షాహీల మత సంస్కరణలు

(జవళగేరలో చేసిన స్మారకోపన్యాసం)

 ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు సోషల్ పాఠంలో రాజుల పట్టికలు బట్టీ పట్టించేవారు కాదని ఆయన శిష్యులు నాకు చెప్పారు. రాజు ఒక ఉత్తర్వు వేస్తే అది ఊరిదాకా వచ్చేసరికి ఏమైంది, అని అడిగేవారట. ఇవాళ నేను మాట్లాడబోయేది సరిగ్గా దాని గురించే.

మనం కూర్చున్న నేల కృష్ణకూ తుంగభద్రకూ నడిమి నేల, రాయచూరు అంతర్వేది. తుంగభద్ర ఎడమ కాలువలో నీళ్లు పారి వరి వచ్చాక మనవాళ్లు దీన్ని ఎరుగుదురు గాని, అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే దీనికోసం రాజ్యాలు కొట్టుకున్నాయి. 1294లో కాకతీయ సేనాని విఠలుడు రాయచూరు కోట కట్టించిన సంగతి ఆ కోట గోడలోని పొడవాటి బండ మీద ఇప్పటికీ ఉంది. 1520 మే 19న కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌ఖాన్‌ను ఓడించి రాయచూరు పట్టుకున్న కథ మన పిల్లలందరూ చదివినదే. ఈ యుద్ధాలను హిందూ రాజులకూ ముస్లిం సుల్తానులకూ జరిగిన పోరుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల ఒక పెద్ద సంగతి మరుగున పడింది. బీజాపూరునేలిన ఆదిల్‌షాహీ సుల్తానులు ఇస్లాంలోనే రెండు శాఖల మధ్య తమ రాజ్యాన్ని అటూ ఇటూ తిప్పారు. ముత్తాత షియా. తాతా షియానే. తండ్రి సున్నీ. కొడుకు మళ్లీ షియా. ఆ తరవాతి పిల్లవాడి కాలంలో మళ్లీ సున్నీ.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఏం జరుగుతోందో చూడండి. తండ్రి ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు. కొడుకు ఎడ్వర్డ్ పూర్తిగా ప్రొటెస్టెంటు. కూతురు మేరీ మళ్లీ కాథలిక్కు. రెండో కూతురు ఎలిజబెత్ మళ్లీ ప్రొటెస్టెంటు. రెండు చోట్లా ఏళ్లు కూడా కలుస్తాయి. హెన్రీ తానే ఇంగ్లండు చర్చికి అధిపతినని చట్టం చేయించుకున్నది 1534లో. బీజాపూరులో మొదటి ఇబ్రహీం గద్దెనెక్కి తండ్రి, తాతల షియా పద్ధతిని తీసేసిందీ 1534లోనే. ఎలిజబెత్ రాణి అయింది 1558 నవంబరులో. ఇబ్రహీం పోయి మొదటి అలీ ఆదిల్‌షా వచ్చిందీ 1558లోనే. ఒకరి సంగతి ఒకరికి పట్టలేదు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదీ లేదు. అయినా రెండు చోట్లా రాజు ఒకే పనికి పూనుకున్నాడు. అది ఒకచోట నేలదాకా దిగింది, ఇంకోచోట కోట గుమ్మం దగ్గరే ఆగింది. ఎందుకు ఆగిందన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

ముందు ఖుత్బా గురించి రెండు మాటలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు ముందు ఇమాం మసీదులోని మెట్ల పీఠం మీద నిలబడి ప్రసంగం చేస్తాడు. ఆ పీఠం మింబరు, ఆ ప్రసంగం ఖుత్బా. దేవుణ్ణి, ప్రవక్తను స్తుతించాక, సున్నీలైతే ప్రవక్త తరవాతి నలుగురు ఖలీఫాల పేర్లు చెబుతారు. షియాలు మొదటి ముగ్గురినీ ఒప్పుకోరు. నాలుగోవాడైన అలీతో మొదలుపెట్టి పన్నెండుమంది ఇమాంల పేర్లు చెబుతారు. ఆ వెంటనే రాజ్యమేలేవాడి పేరు చదువుతారు. ఒకడు రాజయ్యాడనడానికి గుర్తులు రెండే: ఖుత్బాలో పేరు, నాణెం మీద పేరు. కాబట్టి ఆ పీఠం మీద ఏ పేర్లు వినబడుతున్నాయన్నది ఆ కాలానికి గెజెట్ లాంటిది. పేర్ల వరస మారిందంటే రాజ్యం ఎవరి పక్షాన ఉందో ఊరంతటికీ తెలిసిపోయేది.

బీజాపూరు రాజ్యాన్ని నిలబెట్టిన యూసుఫ్ ఆదిల్‌ఖాన్ 1502-03లో బీజాపూరు మసీదులో పన్నెండుమంది ఇమాంల పేర్లతో ఖుత్బా చదివించాడు. అజాన్‌లో అలీ పేరు చేర్పించాడు. హిందూస్థానంలో ఈ పని చేసిన మొదటివాడు ఇతడేనంటాడు చరిత్రకారుడు ఫెరిష్తా. దానికి ఏడాది ముందే పర్షియాలో షా ఇస్మాయిల్ తబ్రీజు నగరంలో షియా మతాన్ని రాజ్యమతంగా ప్రకటించాడు. యూసుఫ్‌కు ధైర్యం వచ్చింది అక్కడి నుంచే. అయితే యూసుఫ్ చేసినదాంట్లో నాకు గౌరవం కలిగించే విషయం ఒకటుంది. మొదటి ముగ్గురు ఖలీఫాలను నిందించడానికి వీల్లేదన్నాడు. సున్నీ సర్దారులు తమ జాగీర్లలో తమ పద్ధతిలోనే నమాజు చేసుకోవచ్చన్నాడు. అంటే రాజు పీఠం మీద రాజు మతం, వాళ్ల చోట్లలో వాళ్ల మతం.

అది కూడా పక్క రాజ్యాలకు రుచించలేదు. బహమనీ సుల్తాను, అహ్మద్‌నగర్ నిజాం, బీదరు బరీదు, గోల్కొండ కుత్బుల్‌ముల్క్ ఒక్కటై బీజాపూరు మీదికి నడిచారు. యూసుఫ్ బీరారు వెళ్లి ఇమాదుల్‌ముల్క్ దగ్గర తల దాచుకున్నాడు. ఈ ఇమాదుల్‌ముల్క్ విజయనగర ప్రాంతంలో కన్నడ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, యుద్ధంలో చిక్కి, ముస్లిమై, రాజ్యం స్థాపించినవాడు. ఆయన ఇచ్చిన సలహా తెలివైనది. బీజాపూరుకు కబురు పంపి మళ్లీ సున్నీ ఖుత్బా చదివించమన్నాడు. యూసుఫ్ అలాగే చేశాడు. సాకు పోయింది, కూటమి విడిపోయింది. యూసుఫ్ తిరిగివచ్చి మళ్లీ షియా ఖుత్బా పెట్టించాడు. మతం కోసమే వచ్చిన సైన్యమైతే ఒక్క శుక్రవారం ఖుత్బాతో ఇళ్లకు పోయేది కాదు.

1510లో యూసుఫ్ పోయాడు. కొడుకు ఇస్మాయిల్ చిన్నవాడు. పాలన చూసే కమాల్ ఖాన్ దక్కనీ వెంటనే సున్నీ ఖుత్బా పెట్టించి, తానే గద్దె ఎక్కుదామనుకున్నాడు. యూసుఫ్ భార్య మరాఠా ఆడపడుచు. ఆమె కొడుకును కాపాడుకుంది, కమాల్ ఖాన్ హతమయ్యాడు. ఇస్మాయిల్ మళ్లీ షియా. 1519లో పర్షియా రాయబారి వచ్చి అతణ్ణి స్వతంత్ర రాజుగా సంబోధించాడు. ఆ ఆనందంలో ఇస్మాయిల్ తన సైనికులందరికీ పన్నెండు కోణాల ఎర్ర టోపీలు పెట్టించాడు. పర్షియా సైనికుల తలమీద ఉండే టోపీ అదే. ప్రతి శుక్రవారం పర్షియా షా కోసం కూడా ప్రార్థన చేయించాడు. ఇంగ్లండులో పోపు పేరు ప్రార్థనల్లోంచి తీసేయాలా ఉంచాలా అన్న గొడవ ఇలాంటిదే. బయట ఉన్న ఒక పెద్ద పేరు మన పీఠం మీద వినబడాలా వద్దా, అన్నది గొడవ.

ఆ ఎర్ర టోపీ ఎవరి తలమీద ఉండేదో తెలిస్తే ఈ సంస్కరణల లోగుట్టు అర్థమవుతుంది. బీజాపూరు కొలువులో రెండు వర్గాలు. ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుంచి ఓడల్లో వచ్చి కొలువు సంపాదించినవాళ్లు ఆఫాకీలు. వాళ్లలో ఎక్కువమంది షియాలు, మాట పార్సీ. తరతరాలుగా ఇక్కడే ఉన్న ముస్లింలు దక్కనీలు. వీళ్లూ, వీళ్లతో కలిసిన, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలూ ఎక్కువగా సున్నీలు. కొత్తగా వచ్చినవాళ్లకూ పాతవాళ్లకూ మధ్య కొలువు కోసం, జీతం కోసం, జాగీరు కోసం పోటీ. 1481లో బహమనీ ప్రధాని మహమూద్ గవాన్ తల తెగింది కూడా ఆ పోటీలోనే. ఇస్మాయిల్ ఏళ్ల తరబడి దక్కనీలను, హబ్షీలను కొలువులోకి రానివ్వలేదు. ఖుత్బాలో పన్నెండు పేర్లు ఉన్నంతకాలం ఆఫాకీల ఇంట్లో పొయ్యి వెలిగింది.

ఇక మొదటి ఇబ్రహీం దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం నిలబడతాను, ఎందుకంటే మన నేలకు బాగా తగిలిన మార్పు ఇతనిది. గద్దెనెక్కగానే ఇబ్రహీం ఇమాంల పేర్లు తీసేసి హనఫీ సున్నీ పద్ధతి పెట్టాడు. ఎర్ర టోపీ నిషేధించాడు. ఆఫాకీలలో ఏ నాలుగువందల మందినో ఉంచుకుని తక్కిన వాళ్లను కొలువు నుంచి తీసేశాడు. వాళ్ల చోట దక్కనీలను, హబ్షీలను పెట్టుకున్నాడు. అక్కడితో ఆగలేదు. రాజ్యం లెక్కలన్నీ అప్పటిదాకా పార్సీలో ఉండేవి. వాటిని హిందవిలోకి మార్పించాడు. ఆ హిందవి అంటే మరాఠీ అని చరిత్రకారులు చాలామంది అంటారు. లెక్కల కచ్చేరీ బ్రాహ్మణ ఉద్యోగుల చేతికి వచ్చింది.

రైతుగా ఆలోచించండి. శిస్తు కట్టేవాడికి మింబరు మీద ఎన్ని పేర్లు చదివారో పట్టదు. తన పొలం ఎంత గింజ వేసేదిగా రాశారు, ఎంత బాకీ చూపించారు, ఆ రాసినవాడు ఎవరు, ఆ రాత తన ఊరి కులకర్ణి చదవగలడా, అన్నది పడుతుంది. పహణీలో ఒక గీత తప్పు పడితే తహశీల్దారు కచ్చేరీ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు నేను చెప్పాలా? షియా ఖుత్బా తీసి సున్నీ ఖుత్బా పెట్టిన అదే ఉత్తర్వుల వరసలో లెక్కల భాష మారింది. నా లెక్కలో ఇబ్రహీం చేసిన మత సంస్కరణ ఊరిదాకా వచ్చింది ఈ ఒక్క దారిలోనే. మసీదు దారిన రాలేదు, కచ్చేరీ దారిన వచ్చింది.

కొలువు పోయిన ఆఫాకీలు ఎక్కడికి వెళ్లారు? వాళ్లలో మూడువేల మందిని విజయనగరంలో అళియ రామరాయలు కొలువులో పెట్టుకున్నాడని ఫెరిష్తా రాశాడు. ముస్లిం సైనికుడు హిందూ రాజుకు వంగి సలాం చేయడానికి మనసు ఒప్పుకోదు కదా. అందుకని రామరాయలు తన ముందు ఒక పీఠం మీద ఖురాన్ ఉంచేవాడట. సలాం ఖురాన్‌కూ అవుతుంది, రాజుకూ అవుతుంది. మన ఆరవీటి వంశపు తెలుగువాడు చేసిన ఈ ఏర్పాటును నేను చిన్న సంగతిగా చూడను. రామరాయలు స్వయంగా కుర్రతనంలో గోల్కొండ కుత్బ్‌షాహీల దగ్గర కొలువు చేసినవాడు. ఎదుటివాడి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో అతనికి తెలుసు. సున్నీ సుల్తాను షియాలను బయటికి పంపితే వాళ్లకు అన్నం పెట్టింది తుంగభద్ర అవతలి హిందూ రాజ్యం. హిందూ ముస్లిం అనే రెండు గదుల్లోకి ఈ చరిత్రను కుక్కితే ఈ మూడువేలమందికి చోటు దొరకదు.

ఇప్పుడు ఇంగ్లండు. హెన్రీ మొదట గట్టి కాథలిక్కు. 1521లో లూథర్‌కు జవాబుగా పుస్తకం రాస్తే పదో లియో పోపు అతనికి మతరక్షకుడనే బిరుదు ఇచ్చాడు. కాథరిన్ రాణితో పెళ్లి రద్దు చేయడానికి పోపు ఒప్పుకోకపోయేసరికి, ఆ పోపు అధికారాన్నే రద్దు చేశాడు. ఒప్పుకోని అతని మాజీ మంత్రి థామస్ మోర్ తల 1535లో తెగింది. 1536 నుంచి 1540 లోపు సుమారు ఎనిమిదివందల మఠాలు మూయించాడు. ఉత్తరాన వేలమంది రైతులు, పాద్రీలు, చిన్న జమీందార్లు క్రీస్తు గాయాల బొమ్మ కుట్టిన జెండాలు పట్టుకుని తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును మాటలతో మాయచేసి, ఉరికొయ్యలతో అణిచేశారు. హెన్రీ మాత్రం ప్రొటెస్టెంటు అయ్యాడా అంటే కాలేదు. 1539లో ఒకవైపు ప్రతి చర్చిలో ఇంగ్లీషు బైబిలు పెట్టించాడు, ఇంకోవైపు పూజలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమేనని ఒప్పుకోనివాణ్ణి తగలబెట్టే చట్టం చేశాడు. 1540 జూలై 30న లండనులో ఆరుగురిని చంపారు. ముగ్గురు ప్రొటెస్టెంట్లు, వాళ్లది మతద్రోహమని కాల్చారు. ముగ్గురు కాథలిక్కులు, పోపును వదల్లేదు కాబట్టి రాజద్రోహమని ఉరితీశారు. ఒకే రోజు, ఒకే రాజు, ఒకే చోట. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ ఆరుగురిలో ఒక్కడికైనా బతకడానికి ఏది నమ్మాలో ఆ రాజు స్పష్టంగా చెప్పాడా?

ఎడ్వర్డ్ కాలపు ప్రార్థన పుస్తకాలు, మేరీ కాలంలో కాలిపోయిన సుమారు రెండువందల ఎనభైమంది, ఇవి తెలిసిన కథలే. వాటిలో మనకు పనికొచ్చేది ఒక్కటి చెబుతాను. 1554లో మేరీ రాజ్యాన్ని తిరిగి పోపుకు అప్పగించింది. అప్పగించేముందు పార్లమెంటులోని పెద్దమనుషులు ఒక్క షరతు దగ్గర పట్టుబట్టారు: మఠాల భూములు తిరిగి ఇవ్వం. హెన్రీ వాటిని అమ్మేశాడు, కొన్నవాళ్లు దున్నుకుంటున్నారు, వాళ్లలో కాథలిక్కులూ ఉన్నారు. పోపు రాయబారి కూడా ఒప్పుకోక తప్పలేదు. మాస్ పూజ తిరిగివచ్చింది, పోపు తిరిగివచ్చాడు, నేల తిరిగిరాలేదు. ఇంగ్లండు ఆఖరికి ప్రొటెస్టెంటు దేశంగా మిగలడానికి ఉన్న కారణాలలో ఇది బలమైనదని నా నమ్మకం.

తిరిగి బీజాపూరుకు. ఇబ్రహీంకూ, కొడుకు అలీకీ జరిగిన సంభాషణ ఒకటి ఫెరిష్తా చెబుతాడు. తండ్రి, తాతల తప్పుదారిని వదిలే బుద్ధి నాకు దేవుడిచ్చాడని సుల్తాను సంతోషపడుతున్నాడట. పక్కనే ఉన్న పిల్లవాడు, తండ్రి మతం వదలడం అంత మంచిదైతే కొడుకులందరూ ఆ పనే చేయాలి కదా, అన్నాడట. నీదేం మతమని తండ్రి నిలదీస్తే, ఇప్పటికి మీదే, రేపటి సంగతి దేవుడికే తెలుసు, అన్నాడట. సుల్తాను ఆ మాట ఎవరు నేర్పారో వెతికాడు. పిల్లవాడి గురువు షిరాజు వాడు. అతణ్ణి చంపించాడు. అలీని మిరజ్ కోటలో ఉంచాడు. అక్కడ పెట్టిన కొత్త గురువు కూడా లోపల షియాయేనట. ఫెరిష్తా కూడా ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబంవాడు, మనసు ఆఫాకీల వైపు. అందుకే ఆ మాటలు అచ్చంగా అలాగే అన్నారని నేను పట్టుబట్టను. కాని పాఠం చెప్పినందుకు ఒక గురువు తల పోవడం గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఎడ్వర్డ్‌ను ప్రొటెస్టెంటును చేసింది కూడా అతని గురువులే. రాజుగారి పిల్లవాడికి ఓనమాలు ఎవరు దిద్దిస్తారన్నది రెండు దేశాల్లోనూ ప్రాణాంతకమైన ప్రశ్న అయింది.

1558లో అలీ గద్దెనెక్కిన వెంటనే పన్నెండు పేర్లు తిరిగివచ్చాయి. ఆఫాకీలు తిరిగివచ్చారు. ముత్తాత యూసుఫ్ వద్దన్న పని కూడా వచ్చింది: మొదటి ముగ్గురు ఖలీఫాలను మసీదుల్లో, వీధుల్లో నిందించడానికి జీతం ఇచ్చి మనుషులను పెట్టాడు. ఇది అలీ చేసిన తప్పు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఊళ్లో సగం మంది పూజ్యంగా చూసేవాళ్లను తిట్టడానికి ఖజానా డబ్బు ఖర్చుపెట్టడం ఏ మతానికీ సేవ కాదు. అదే అలీ గొప్ప పుస్తకప్రియుడు. అతని గ్రంథాలయంలో వామన పండితుడనే సంస్కృత పండితుడు ఉద్యోగం చేశాడు. 1570లో తయారైన నుజూముల్ ఉలూం అనే బొమ్మల గ్రంథంలో మన యోగినుల రూపాలు రంగుల్లో కనబడతాయి. రామరాయల కొడుకు పోతే పరామర్శకు విజయనగరం వెళ్లి, రామరాయల భార్య చేత కొడుకు అనిపించుకున్నవాడు. 1565 జనవరిలో అదే రామరాయల మీద యుద్ధానికి పోయినవాడు. ఆ యుద్ధానికి ముందు అతడు అడిగినవాటిలో మతం లేదు. రాయచూరు, ముద్గల్ ఉన్నాయి.

1580లో అలీ హత్య తరవాత తొమ్మిదేళ్ల రెండో ఇబ్రహీం. అలీ భార్య చాంద్ బీబీ సంరక్షణ, సర్దారుల కుమ్ములాట. దిలావర్ ఖాన్ హబ్షీ చేతికి అధికారం రాగానే మళ్లీ సున్నీ. పెద్దయ్యాక రెండో ఇబ్రహీం సరస్వతినీ, గణపతినీ, సూఫీ గురువు గేసూదరాజ్‌నూ కలిపి పాడుకుంటూ కితాబె నౌరస్ రాశాడు. జనం అతణ్ణి జగద్గురు అన్నారు. అప్పటికి ఈ ఖుత్బాల పోటీ మెల్లగా వేడి తగ్గింది.

ఎందుకు రెండు దేశాల దారులు వేరయ్యాయి? బీజాపూరు సుల్తానుల మనసు హెన్రీ మనసుకన్నా మెత్తనిదని నేననను. గురువును చంపించినవాడు, తిట్టడానికి కూలి ఇచ్చినవాడు వీళ్లలో ఉన్నారు. అసలు కారణం జనంలో ఉంది. ఇంగ్లండులో ప్రతి ఊళ్లో ఒక చర్చి ఉంది. ఆ చర్చికి పుట్టుక, పెళ్లి, చావు అన్నీ ముడిపడి ఉన్నాయి. 1559 చట్టం ప్రకారం ఆదివారం చర్చికి రాకపోతే పన్నెండు పెన్నీల జరిమానా. రాజు ప్రార్థన పుస్తకంలో ఒక వాక్యం మారిస్తే వచ్చే ఆదివారం ప్రతి రైతు చెవిన పడుతుంది. ఎలిజబెత్ మంత్రులకు ఆ బలం తెలుసు. అందుకే 1559 పుస్తకంలో రొట్టె ఇచ్చేటప్పుడు చెప్పే మాటలను జాగ్రత్తగా కుట్టారు. ఇది క్రీస్తు శరీరమనే 1549 నాటి వాక్యాన్ని, క్రీస్తును తలుచుకుని తినమనే 1552 నాటి వాక్యాన్ని పక్కపక్కన పెట్టి రెండూ చదవమన్నారు. మోకరించినవాడు తనకు కావలసింది విన్నాడు. పాతికేళ్ల నెత్తుటికి ఇంగ్లండు వెతుక్కున్న మందు అది.

అంతర్వేదిలో సుల్తానుకు అలాంటి చర్చి లేదు. ప్రజల్లో అత్యధికులు షియాలూ కాదు, సున్నీలూ కాదు. లింగాయతులు, కురుబలు, బేడర్లు, మాదిగలు, బ్రాహ్మణులు, జైనులు. వాళ్ల గుళ్లూ మఠాలూ గ్రామదేవతలూ మింబరు మీది పేర్లతో సంబంధం లేకుండా నడిచాయి. సుల్తాను మార్చగలిగింది తన కొలువును, తన కచ్చేరీని, తన మసీదును. అంతకుమించి పోవాలంటే శిస్తు కట్టే చేతులతోనే గొడవ. ఈ నేల మీద రాజులకు ఆ హద్దు ముందు నుంచీ తెలుసు. 1368లో శ్రవణబెళగొళ దగ్గర జైనులకూ శ్రీవైష్ణవులకూ తగవు వస్తే బుక్కరాయలు ఇద్దరినీ పిలిపించి, రెండు దర్శనాలకూ భేదం లేదని తీర్పు చెప్పి, రాతి మీద చెక్కించాడు. పడమట గోవాలో పోర్చుగీసు రాజు మాత్రం ఆ హద్దు ఒప్పుకోలేదు. 1560లో అక్కడ ఇంక్విజిషన్ మొదలైంది. అదే కాలంలో ఈ జిల్లాలో లింగసుగూరు తాలూకా ముద్గల్‌లో కాథలిక్ కుటుంబాలు ఉన్నాయి. అక్కడి పాత చర్చిని గోవా నుంచి వచ్చిన జెసూట్లు 1557కు ముందే కట్టారని చెబుతారు. గోవాలో హిందువును హిందువుగా బతకనివ్వని రోజుల్లో ముద్గల్ కోటపక్కన క్రైస్తవుడు క్రైస్తవుడిగా బతికాడు.

మరి షియా సుల్తానుల మతం ఈ నేల మీద ఏమీ మిగల్చలేదా? మిగిల్చింది, ఉత్తర్వుల్లో లేని రూపంలో. ముద్గల్ మొహర్రం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో హుసేనీ ఆలం దర్శనానికి వెళ్లివచ్చినవాళ్లు ఉన్నారు. పంజా ఆకారంలో ఉన్న పీర్లకు పట్టుబట్టలు కట్టి, దట్టీలు వేసి, ఊదు పొగ పట్టి లేపుతారు. అలాయి గుండం చుట్టూ గజ్జెలు కట్టి ఆడేవాళ్లలో ముస్లింలకన్నా హిందువులే ఎక్కువ. మొక్కుకున్నవాళ్లు మెడలో ఎర్రదారం వేసుకుని ఫకీర్లవుతారు. బెల్లం కలిపిన చొంగె రొట్టెలు, మలీద పంచుతారు. చాలా ఊళ్లలో పీర్లను ఎత్తేది హిందూ ఇంటివాళ్లే. ముస్లిం గడప ఒక్కటి కూడా లేని ఊళ్లలోనూ పీర్ల చావడి ఉంటుంది. మనవైపు అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరా, తెలంగాణ పల్లెల్లోనూ ఇదే చూస్తాం. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుత్బ్‌షా కట్టించిన బాద్షాహీ ఆషూర్‌ఖానాను తరవాత సున్నీలైన అసఫ్‌జాహీలు కూడా ఆదరించారు. ఈ రాయచూరు 1948 దాకా ఆ అసఫ్‌జాహీ నిజాంల రాజ్యంలోదే.

అలీ ఆదిల్‌షా జీతమిచ్చి తిట్టించిన తిట్లు ఈ నేల మీద ఎవరికీ గుర్తు లేవు. కర్బలాలో దాహంతో అలమటిస్తూ హతుడైన ప్రవక్త మనవడు హుసేను మాత్రం ప్రతి ఊళ్లో గుర్తున్నాడు. మొదటిది రాజు ఆజ్ఞ. రెండోది జనం తమకు తామే తీసుకున్నది. నీళ్లకోసం ఏడ్చిన పసిపిల్లల కథ మెట్ట నేలలో పుట్టినవాడికి షియా సున్నీ భేదం చెప్పకుండానే అర్థమైంది.

ఆ కథను ఈ ప్రాంతంలో కన్నడంలో రివాయత్ పదాలుగా పాడతారు. పాడేవాళ్లు నిరక్షరాస్యులైన రైతులు, కూలీలు. హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉన్నారు, ఇప్పుడు చాలామంది ముసలివాళ్లయ్యారు. కర్ణాటకలో జానపద పరిశోధకులు కొంత సేకరించారు. మన తెలుగు రైతుల క్యాంపుల పిల్లలకు కన్నడం బాగా వచ్చు, తెలుగు ఇంట్లో ఉంది. వచ్చే మొహర్రంకు ముందే ఒకరిద్దరు కుర్రాళ్లు ఆ పాటలు ఫోన్లలో రికార్డు చేసి, కన్నడలో రాసి, పక్కనే తెలుగులో అర్థం పెట్టి, ఏ ఊళ్లో పీరును ఎవరి ఇంటివాళ్లు ఎత్తుతారో, ఆ చావడికి ఎవరి పొలం మాన్యంగా ఉందో కూడా రాసిపెట్టాలి. ఆ ఖర్చుకు ఈ స్మారకోపన్యాసపు ఎండోమెంటు నిధి నుంచి కొంత కేటాయించమని నిర్వాహకులను ఈ వేదిక మీదే అడుగుతున్నాను. ముద్గల్ నుంచి మొదలుపెట్టి, అక్కడి నుంచి మన సింధనూరు తాలూకా ఊళ్లకు రావచ్చు.